పడేసి చూడవలసిన బండి

దుకాణం వెనక గది
జూన్ 18, మంగళవారం

పిట్టకి,

పొద్దుట్నుంచి ముసురు. మార్కెట్టు వాళ్ల పెద్ద కాటా విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించాను. పళ్లెం ఇంకా కాస్త ఎడమకి ఒరుగుతోంది. రేపు చూడాలి.

నువ్వు ఫోన్ చేస్తే నేను ఊ కొట్టడం తప్ప ఏమీ మాట్లాడనని మీ అక్కతో అన్నావట. నిజమే. ఫోన్ చెవికి ఆనించగానే చెప్పాల్సినవన్నీ ఎటో పోతాయి. కాగితం ముందు పెట్టుకుంటే వస్తాయి. అందుకే ఈ ఉత్తరం.

మళ్లీ మోటారు సైకిలు కొందామనుకుంటున్నాను.

ఈ ముక్క రాశాక లేచి వెళ్లి దుకాణం తలుపు దగ్గరకి వేసి వచ్చాను. ఎవరూ చదవడానికి రారు, అయినా వేశాను.

ఊళ్లో తిరగడానికి కాదు. దూరాలు వెళ్లే పెద్ద బండి. రెండు చూశాను. ఒకటి భూములు కొలిచే సర్వేయరుది. పొడుగ్గా, సన్నగా, మేకపోతులా నిలబడి ఉంటుంది. పెద్దగా తిరగలేదు. ఇంకోటి పశువుల డాక్టరుది. రెండు సిలిండర్ల పాత బండి. కడుపు నేలకి దగ్గరగా ఉంటుంది, చూస్తేనే బరువు తెలుస్తుంది. ఇద్దరూ అమ్మే ఉద్దేశంలోనే ఉన్నారు.

ఎక్కడికి అంటావు. ఘాట్ రోడ్డు ఎక్కి అవతలికి దిగాలి. ఆరేళ్ల కిందట మనిద్దరం రెండు బళ్ల మీద బయల్దేరిన దారే. నువ్వు అవతలికి దిగావు. నేను కంకర మలుపు దగ్గర జారి, బండి కింద ఎడమ కాలు పెట్టుకుని, పాల వ్యాను వాళ్లు వచ్చి లేపేదాకా పడి ఉన్నాను. అప్పట్నుంచి అవతలి ఊళ్లలో కాటాల పని తగిలితే రైల్లో కొండ చుట్టూ తిరిగి వెళ్తున్నాను. ఆ దారి నాకు సగంలో ఆగిపోయి ఉంది. ఇంతకంటే విడమరిచి చెప్పడం నాకు రాదు.

వానలు తగ్గాక వెళ్లాలని. ఏ బండి తీసుకోవాలో రాయి.

మీ అక్కకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

బావ


డిపో, డ్రైవర్ల విశ్రాంతి గది
జూలై 2

బావా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు.

ఆరేళ్లుగా నీ ముందు మోటారు సైకిలు అనే మాట రాకుండా మా ఇంటిల్లిపాదినీ కట్టడి చేస్తూ వస్తున్నాను. నువ్వు వచ్చినప్పుడల్లా నా బండిని పక్కింటి వాళ్ల షెడ్డులో దాచాను. ఒకసారి నువ్వు అటు చూసి, "గొలుసు వదులైంది, బిగించుకో" అనేసి లోపలికి వెళ్లిపోయావు. ఆ రోజే నాకు అనుమానం రావాల్సింది.

ఏది కొనాలని అడిగావు. అది నేను చెప్పేది కాదు, నువ్వు ఎప్పుడో చెప్పేశావు. ఆసుపత్రి మంచం మీద, కాలికి ఆ ఇనుప చట్రం ఉండగా, నేను ఏదో ఓదార్పు మాట అనబోతే ఆపి అన్నావు, "లేపలేని బండి మనది కాదు." నేను మర్చిపోలేదు.

కాబట్టి చెయ్యాల్సింది ఇది. ఏ బండి చూసినా, నడిపి చూడకముందే ఇంజను ఆపేసి, గేరులో ఉంచి, నేల మీద మెల్లగా పడుకోబెట్టు. హ్యాండిల్ పూర్తిగా తిప్పు. బండికి వీపు ఆనించి కూర్చో, ముఖం కాదు, వీపు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి సీటు కింద రాడ్డు మీద. కాళ్లతో నెడుతూ చిన్న చిన్న అడుగులు వెనక్కి వెయ్యి. నడుముతో లాగకు. ఇంకో మనిషి చెయ్యి తగలకూడదు. లేస్తే ఆ బండి గురించి మాట్లాడుకుందాం. లేవకపోతే డాక్టరుదైనా సర్వేయరుదైనా దండం పెట్టి ఇంటికి వచ్చెయ్యి.

ఇక రెండోది. అక్క దగ్గర నాతో దాపరికం చేయించకు. చిన్నప్పుడు నేను జామకాయ దొంగిలిస్తే నా నడక చూసి పట్టేసేది. ఇప్పుడు ఫోన్లో నా దగ్గు విని పట్టేస్తుంది. నువ్వే చెప్పు, తొందరగా.

పక్క మంచం మీద మా కండక్టరు గురక పెడుతున్నాడు. మధ్యలో లేచి, "ఎవరికి, పెళ్లాం కాని వాళ్లకా?" అన్నాడు. మా బావకి అంటే నమ్మలేదు. ఈ రోజుల్లో బావకి ఎవరు రాస్తారని మళ్లీ పడుకున్నాడు.

పిట్ట


దుకాణం వెనక గది
జూలై 21, ఆదివారం

పిట్టకి,

రాత్రి గట్టిగా కురిసి తెల్లారేసరికి తెరిపిచ్చింది. దుకాణం కప్పు కారే చోట తారుగుడ్డ వేశాను.

రెండు బళ్లూ పరీక్షకి పెట్టాను. ముందు తూకం. కలప అడితిలో లారీలు తూచే కాటా బాగోగులు నేనే చూస్తాను కాబట్టి సెలవు రోజున తెరిచి ఇచ్చారు. సర్వేయరు, డాక్టరు ఇద్దరూ ఎవరి బండి వాళ్లు తెచ్చారు. లారీల కాటాకి నాలుగైదు కిలోలు లెక్కలోకి రావు. అందుకని ఒక్కో చక్రం కింద నా కాటా విడిగా పెట్టి మళ్లీ తూచాను. డాక్టరుగారు ఇదంతా చూసి, గేదెలకి కూడా ఇంత శ్రద్ధ ఎవరూ చెయ్యరన్నాడు.

సర్వేయరు బండి రెండు వందల ముప్పై కిలోలు. డాక్టరు బండి మూడు వందల పది. తేడా ఒక మనిషంత. ఇంక ఆలోచించేదేముంది. సర్వేయరు బండే అనుకున్నాను. కొన్నాళ్లు దగ్గర పెట్టుకుని చూడమని అతనే అన్నాడు. పెరట్లో గుడ్డ కప్పి ఉంచాను. ఆ గుడ్డ మీ అక్క కుట్టిందే. దాని కింద ఎవరిదో పెద్ద కాటా ఉందనుకుంటోంది. నేను కాటా అని చెప్పలేదు. కాదనీ చెప్పలేదు.

పడేసి లేపాను. ఇంకో మనిషి చెయ్యి తగలలేదు.

రెండు సంగతులు అడగాలి. గేరు పెడల్ వేళ్లతోనే కాకుండా మడమతో కూడా తొక్కేలా మార్పించవచ్చా? ఆగేటప్పుడు నువ్వు ఏ కాలు కింద పెడతావు?

బావ


డిపో, డ్రైవర్ల విశ్రాంతి గది
ఆగస్టు 1

బావా,

తూకానికి ఒక పేజీ రాశావు. లేపడానికి ఒక్క గీత. నేను నీ బావమరిదిని, తనిఖీకి వచ్చిన తూనికల ఇన్స్పెక్టర్ని కాదు.

ఇరవై ఏళ్లు బండి నడిపినవాడు ఆగేటప్పుడు ఏ కాలు కింద పెట్టాలని అడగడు. ఎడమ కాలు పెడతాం. కుడి కాలు వెనక బ్రేకు మీద ఉంటుంది. ఇది నాకు నేర్పింది నువ్వే, మీ పాత దుకాణం ఎదుట, నేను గోడని గుద్దిన రోజున. అలాంటిది ఇప్పుడు నన్ను అడుగుతున్నావంటే ఎడమ మోకాలు నీ మాట వినడం లేదన్నమాట. గేరు మడమతో తొక్కాలంటున్నావంటే చీలమండ దగ్గర కూడా వంగడం లేదన్నమాట. ఎలా ఉంది కాలు? బాగుందని రాయకు. ఎలా ఉందో రాయి.

తూకం సంగతి చెప్తాను. పండగ సెలవుల్లో జనం మూటలన్నీ నా బస్సు టాపు మీద వేస్తారు. మామూలు రోజుల్లో అవే మూటలు కింద డిక్కీలో ఉంటాయి. బరువు అంతే. నీ కాటా మీదకి ఎక్కిస్తే తేడా కనిపించదు. కానీ మొదటి మలుపు తిప్పగానే నా రెండు చేతులకీ తెలిసిపోతుంది. కాటా ఎంత బరువో చెప్తుంది బావా, ఎక్కడుందో చెప్పదు. సర్వేయరు బండి బరువంతా నీ ఛాతీ ఎత్తున ఉంది. ఒరిగిందంటే ఆపలేవు. పడిందంటే నేలకి అతుక్కుపోతుంది. డాక్టరు బండికి రెండు పక్కలా లెగ్‌గార్డులు ఉన్నాయా చూడు. ఉంటే పడినా సగంలో ఆగుతుంది. లేపాల్సింది సగమే. నీ అంత తూకం తెలిసినవాడు ఇలా పొరపాటు పడటం నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. తూకం తెలిసినవాడే పడతాడు.

ఇప్పుడు సరిగ్గా చెప్పు. ఏ పక్కకి పడేశావు? ఎలా లేపావు? నువ్వు అబద్ధం ఆడవని నాకు తెలుసు. నీతో చిక్కు అదే. చెప్పాల్సింది పక్కన పెట్టి, చెప్పినదంతా నిజమే చెప్తావు.

అక్కకి ఇంకా చెప్పలేదని నిన్న ఫోన్లో తెలిసింది. నేను మూడుసార్లు దగ్గాను.

పిట్ట


దుకాణం వెనక గది
ఆగస్టు 19, సోమవారం

పిట్టకి,

ఎండ. గాలి లేదు. పని తక్కువ. రెండు చిన్న కాటాల స్ప్రింగులు మార్చాను.

అడిగినవాటికి జవాబులు. ఎడమ పక్కకి పడేశాను. దుకాణంలో దూలానికి ఉన్న గొలుసు కప్పీతో లేపాను. ఇంకో మనిషి చెయ్యి తగలకూడదన్నావు, తగలలేదు.

నీ ఉత్తరం వచ్చాక కప్పీ లేకుండా చేశాను. ఆ సంగతి మరోసారి రాస్తాను.

మీ అక్కకి తెలిసింది. ఈ ఉత్తరం అంటించి పోస్టు చెయ్యమని ఆమెకే ఇస్తున్నాను.

బావ

తమ్ముడూ, కింద సగం పేజీ ఖాళీ వదిలి ఇచ్చారు. ఆయన నింపరు కాబట్టి నేను నింపుతున్నాను.

గుడారాలు కుట్టే షెడ్డుకి వెళ్లాక పెద్ద కత్తెర మర్చిపోయానని గుర్తొచ్చి మధ్యాహ్నం ఇంటికి వచ్చాను. పెరట్లో మీ బావ నేల మీద ఉన్నారు. బండి ఆయన ఎడమ కాలి మీద ఉంది. అరవడం లేదు, పిలవడం లేదు. ముందు చక్రం వంక చూస్తూ పడుకుని ఉన్నారు. నన్ను చూసి, "కాటా కాదు" అన్నారు.

నేను పైనుంచి పట్టి లాగాను, ఆయన కింద నుంచి తోశారు. కాలు బయటికి వచ్చింది. ఎముక విరగలేదు, పాదం బాగా వాచింది. ఎంతసేపట్నుంచి అని అడిగితే చెప్పలేదు. నీడ గోడ దాటి ఉంది, దాన్ని బట్టి నేనే తెలుసుకున్నాను. కత్తెర తీసుకుని మళ్లీ షెడ్డుకి వెళ్లాను. గుడారం గుడ్డ అడ్డంగా కత్తిరించేశాను, అంతా పాడైంది.

నీకు ఎప్పట్నుంచి తెలుసో నాకు రాయి. దగ్గి ఊరుకోకు.

అక్క


డిపో, డ్రైవర్ల విశ్రాంతి గది
ఆగస్టు 27

బావగారికి,

అక్కకి విడిగా రాశాను. నాకు జూన్ నుంచే తెలుసని రాశాను. ఆమె ఏమంటుందో పడతాను.

మీరు ఆ బండి వెంటనే తిరిగి ఇచ్చెయ్యండి. ఇంకో బండి చూడకండి. పరీక్ష పెట్టింది నేను. అందులో మీ కాలు చిక్కుకుంది కాబట్టి ఆ వాపు నాది కూడా. ఇకమీదట మీకు బండ్ల గురించి ఒక్క ముక్క చెప్పను.

ఒకటి మాత్రం చెప్పి ఊరుకుంటాను. మీరు ఆ దారి వదిలేసి రైల్లో చుట్టూ తిరుగుతున్నారు. నాకు ఆ వీలు లేదు. నా డ్యూటీ ఆ దారి మీదే. కంకర మలుపు దగ్గరికి వచ్చేసరికి నా కాలు దానంతటదే బ్రేకు మీదకి వెళ్తుంది. అక్కడ స్టాపు లేదు. కొత్త ప్రయాణికులు ఏదో ఊరు వచ్చిందనుకుని సంచులు సర్దుకుంటారు. కండక్టరు, "కూర్చోండి, మా డ్రైవరుకి ఇక్కడ అలవాటు" అంటాడు. ఏం అలవాటని ఇన్నేళ్లలో వాడు నన్ను అడగలేదు, నేను చెప్పలేదు. అక్కడ ఎవరూ లేరని చూసుకున్నాకే మళ్లీ గేరు వేస్తాను.

ఆ చోట మిమ్మల్ని మళ్లీ నేల మీద చూడలేను. చూడమని అడగకండి.

ఇట్లు
మీ బావమరిది


దుకాణం వెనక గది
సెప్టెంబర్ 15, ఆదివారం

పిట్టకి,

మబ్బు, వాన లేదు. మార్కెట్టు కాటా పళ్లెం ఎట్టకేలకు సమంగా నిలబడింది. తప్పు పళ్లెంలో లేదు, కింద నేల ఒక పక్క కుంగి ఉంది.

నువ్వు నన్ను మీరు అనడం ఇది రెండోసారి. మొదటిది మీ అక్కని చేసుకుంటానని అడగడానికి మీ ఇంటికి వచ్చిన రోజు. అప్పుడూ నీకు ఇష్టం లేదు.

సర్వేయరు బండి నీ ఉత్తరం అందిన మర్నాడే ఇచ్చేశాను. కాలి వాపు తగ్గింది. మోకాలు ఎలా ఉందో రాయమన్నావు. నడిస్తే బాగుంటుంది. బరువు పెట్టి వంచితే ఒక చోటికి వచ్చాక పట్టు వదిలేస్తుంది, ముందుగా చెప్పదు. ఇంతే.

నువ్వు వద్దన్నావు కాబట్టి ఊరుకుందామనే అనుకున్నాను. తూకపు రాళ్లన్నీ దించి ఒక్కొక్కటే తుడిచి నూనె రాస్తూ కూర్చున్నాను. మీ అక్క గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"నేను వద్దంటే మీరు ఆగిపోతారు. ఆగి, ఇలా కూర్చుని రాళ్లు తుడుస్తారు. ఆరేళ్లు చూశాను, ఇంకా చూడమంటే నా వల్ల కాదు. కొనుక్కోండి. నేను లేపలేనిది మాత్రం కొనకండి."

నువ్వు ఎందుకు లేపడం అని ఆమెని అడిగాను.

"వెనక కూర్చునేది నేనే కాబట్టి" అంది. "పోయినసారి ఇంట్లో ఫోన్ పక్కన కూర్చున్నాను. ఈసారి అక్కడ కూర్చోను."

మర్నాడు ఇద్దరం డాక్టరుగారి ఇంటికి వెళ్లాం. మీ అక్క బండి చుట్టూ ఒకసారి తిరిగి, పడుకోబెట్టమంది. ఆవుల్ని పడుకోబెట్టడం వచ్చు గాని ఇది కొత్త అన్నాడు ఆయన. గోనెలు పరిచి ఎడమ పక్కకి ఒరిగించాం. లెగ్‌గార్డు మీద సగంలో ఆగింది. నువ్వు చెప్పినట్టే. నా కాటా చెప్పనిది అదే.

ముందు ఒక్కడినే ప్రయత్నించాను. లేపలేకపోయాను. ఇది తేటగా రాస్తున్నాను, మళ్లీ నువ్వు అడగక్కర్లేకుండా.

తర్వాత ఇద్దరం. నేను హ్యాండిల్ దగ్గర, ఆమె వెనక రాడ్డు దగ్గర, ఇద్దరం వీపులు ఆనించి. మొదటిసారి నేను ముందు నెట్టాను, ఆమె తర్వాత నెట్టింది. కదల్లేదు. మా ఇంట్లో ఇనుప కుట్టుమిషను జరపాల్సి వచ్చినప్పుడు మీ అక్క ఊ అంటుంది, ఇద్దరం ఒకేసారి ఎత్తుతాం. ఎన్నో ఏళ్లుగా అలాగే. ఇక్కడా ఊ అంది. బండి లేచి నిలబడింది. డాక్టరుగారి భార్య అరుగు మీద నుంచి చప్పట్లు కొట్టింది. మీ అక్క చెయ్యి దులుపుకుని, రంగు బాగాలేదంది.

కొన్నాను. రోజూ ఊరి బయట గిడ్డంగుల వెనక నడుపుతున్నాను. ఇప్పటికి రెండుసార్లు పడేశాం, రెండుసార్లూ మేమే లేపాం. మీ అక్క బండి పక్కలకి తగిలించే సంచులు కుడుతోంది.

నువ్వు కూడా రావాలి, నీ బండి మీద.

బావ


డిపో
అక్టోబర్ 3

బావగారికి,

నేను రాను.

మీరు ఒక్కరే వెళ్తానంటే మీ కాలు, మీ ఇష్టం అని అయినా అనుకునేవాణ్ణి. మా అక్కని ఎక్కించుకుని ఆ మలుపుకి తీసుకెళ్తానంటున్నారు. ఆ మోకాలు ముందుగా చెప్పదని మీరే రాశారు. చదునైన చోట గోనెలు పరిచి లేపడం వేరు, వాలులో కంకర మీద లేపడం వేరు. ఆమెకి ఏదైనా అయితే మీ ఇంటి గడప తొక్కను. ఇది బెదిరింపు అనుకోండి, ఇంకేదైనా అనుకోండి.

బావమరిది


దుకాణం వెనక గది
అక్టోబర్ 20, ఆదివారం

పిట్టకి,

పొడి ఎండ. టైర్లలో గాలి చూశాను.

నీ ఉత్తరం మీ అక్కకి ఇచ్చాను. చదివి మడిచి, తన గడప తొక్కకపోతే నష్టం వాడికే అంది. తర్వాత కుట్టిన సంచి పట్టీ విప్పి మళ్లీ కుట్టింది. చేతులు ఊరుకోలేదు. నేను చూశాను.

ఆమెని రావద్దని నేను చెప్పలేదనుకోకు. నాలుగుసార్లు చెప్పాను.

నవంబర్ 11, సోమవారం పొద్దున బయల్దేరతాం. ఎండ ఎక్కకముందే ఘాట్ మొదలుపెడతాం. నువ్వు రానక్కర్లేదు. తెలిసి ఉండాలని రాస్తున్నాను. క్రితంసారి ఏ దారిలో ఉన్నానో నీకు తప్ప ఎవరికీ తెలియదు.

బావ


డిపో, డ్రైవర్ల విశ్రాంతి గది
అక్టోబర్ 29

బావా,

పదకొండో తేదీకి డ్యూటీ మార్చుకున్నాను. ఆ పొద్దున మొదటి ఘాట్ సర్వీసు నాది. మార్చుకున్నందుకు ఆ డ్రైవరు తరఫున రెండు ఆదివారాలు చెయ్యాలి.

ఘాట్ కింద టీకొట్టు దగ్గర నా కోసం ఆగకు. చెయ్యి ఊపకు. నీ పాటికి నువ్వు ఎక్కు. నీ వెనక వస్తాను. ఓవర్‌టేక్ చెయ్యను. నువ్వు నత్తలా ఎక్కితే నత్త వెనకే ఎక్కుతాను. ప్రయాణికులు తిడతారు, తిట్టనీ. మా కండక్టరుకి సంగతి చెప్పాను. ఆరేళ్ల అలవాటు ఏమిటో వాడికి ఇప్పుడు తెలిసింది. నాకు టీ తెచ్చిచ్చాడు.

పడితే దిగి రాను. అది మీ ఇద్దరి లెక్క. రాను అని రాస్తున్నాను గాని, మాట ఇవ్వలేను.

వాలులో ఆగాల్సి వస్తే ముందు బ్రేకు ఒక్కటే నమ్ముకోకు. అక్కకి తోలు చేతి తొడుగులు పంపుతున్నాను. సైజు నా భార్యది, సరిపోకపోతే తనే కుట్టుకుంటుంది.

పిట్ట


కొండ అవతల, బస గది
నవంబర్ 12, మంగళవారం

పిట్టకి,

చల్లటి పొడి గాలి. బండి గొలుసుకి నూనె వేశాను.

నువ్వు బస్సు ఆపుకుని నిలబడటానికి వీల్లేక ముందుకి వెళ్లిపోవాల్సి వచ్చింది. జరిగింది నువ్వు చూశావు. కానీ అంత దూరం నుంచి, బస్సు ఇంజను చప్పుడులో చూశావు కాబట్టి ఏమీ వినలేదు. అది రాయడానికి కూర్చున్నాను.

కంకర మలుపు దగ్గర ఆగకూడదనే అనుకున్నాను. నెమ్మదిగా, రెండో గేరులో, లోపలి అంచున పోతున్నాను. పైనుంచి ఇటుకల లారీ దారంతా ఆక్రమించి దిగింది. ఆగక తప్పలేదు. కుడి కాలు పెట్టాలని ఇన్ని రోజులు సాధన చేశాను. పాత అలవాటు ఎడమ కాలు పెట్టింది. మోకాలు ఒక చోటికి వచ్చి వదిలేసింది. బండి మెల్లగానే ఒరిగింది, ఏం జరుగుతోందో అంతా తెలుస్తోంది, ఏమీ చెయ్యలేను. మీ అక్క నేర్చుకున్నట్టే పక్కకి అడుగు వేసి దిగిపోయింది. లెగ్‌గార్డు నేలకి తగిలి ఆగింది. నా కాలికీ బండికీ మధ్య ఖాళీ ఉంది. కాలు బయటికి తీసుకున్నాను. తీసుకున్నాక కూడా దాన్ని చూస్తూ కూర్చున్నాను. అదే చోటు, పిట్టా. అప్పుడు పడి ఉండగా చూసిన తెల్ల రాయి అలాగే ఉంది.

నీ బస్సు బ్రేకు చప్పుడు వినిపించింది. తలెత్తితే నీ తలుపు తెరిచి ఉంది, ఒక కాలు మెట్టు మీద ఉంది. మీ అక్క నీ వైపు తిరగకుండానే అరచెయ్యి ఎత్తింది. నువ్వు ఆగావు. ఆ మెట్టు మీద ఆగడం ఎలాంటిదో నాకు తెలుసని అనుకోను. ఆగినందుకు సంతోషం.

దెబ్బ తగిలిందా అని ఆమె అడగలేదు. "లేవండి. వెనక బస్సు ఆగింది, అందరూ పనుల మీద పోతున్నవాళ్లు" అంది.

వీపులు ఆనించి కూర్చున్నాం. నువ్వు పంపిన తొడుగులు సరిచేసుకుని ఊ అంది. బండి లేచింది, సగం. అక్కడ నా ఎడమ కాలి కింద కంకర జారింది. బండి పైకి రాలేదు, కిందకి పోలేదు, అలాగే నిలిచింది. మీ అక్క పట్టు కొద్దికొద్దిగా జారడం రాడ్డు గుండా నాకు తెలుస్తోంది. నీకు కనిపించిన ఆ కాసేపూ ఇదే జరుగుతోంది. వదిలేద్దాం, పక్కకి తప్పుకో అన్నాను.

"మీరు ఒక్కరే పట్టుకుని ఉన్నారు" అంది. "బరువు నా వైపు రానివ్వండి."

నాకు అర్థం కాలేదు. బరువంతా నా వైపు ఉంచుకుంటే ఆమెకి తేలిక అనుకున్నాను. డాక్టరుగారి ఇంట్లోనూ, గిడ్డంగుల వెనకా అలాగే చేశాను. కుట్టుమిషను జరిపినప్పుడు కూడా అలాగే చేసేవాణ్ణేమో.

ఎడమ కాలు వదిలేశాను. భుజం ఆమె భుజానికి ఆనించి, ఉన్నదంతా అటు ఇచ్చాను. ఆమె ఒకసారి మూలిగింది. మళ్లీ ఊ అంది. బండి లేచి నిలబడింది. సైడ్ స్టాండ్ వేశాను. ఇద్దరం దాన్నే పట్టుకుని నిలబడ్డాం.

తర్వాత ఆమె నీకు చెయ్యి ఊపింది, ఇక పొమ్మని. నువ్వు హారన్ కొట్టావు. అక్కడ కొట్టాల్సిన పని లేదు. బస్సు పక్క నుంచి పోతుంటే కిటికీల్లో అందరూ మా వైపు చూస్తున్నారు. మీ కండక్టరు మాత్రం నిన్ను చూస్తున్నాడు.

అక్కడ్నుంచి దిగడం ఎలా జరిగిందో పెద్దగా గుర్తు లేదు. ఒక చోట మీ అక్క భుజం తట్టి, ఆపమంది. ఏమైందంటే, ఏమీ కాలేదు, చూడటానికి అంది. ఆగాం. ఈసారి కుడి కాలు పెట్టాను.

మా గడప తొక్కనన్న నీ మాట ఏమైందని మీ అక్క అడగమంది. తిరుగు దారిలో మీ ఇంట్లో దిగుతాం, నీ బండిని పక్కింటి షెడ్డు నుంచి బయటికి తీసి ఉంచు.

ఇవాళ చేసినవి. గొలుసుకి నూనె. రెండు టైర్లలో గాలి. సంచి పట్టీ ఒకటి ఊడింది, మీ అక్క మళ్లీ కుట్టింది. ఎడమ పక్క అద్దం పగిలింది, దానికి మీ ఊళ్లో కొత్తది వేయించాలి.

బావ